తక్కువైన ఇద్దరు

నా చిన్నప్పుడు సూరత్‌లోని లింబాయత్‌లో, మా తెలుగువాళ్ల సందుకు నల్లా వచ్చిందంటే అది వార్డు సాబు పుణ్యమే. ఆయన యూదుడు. నీళ్ల విభాగంలో గుమస్తాగా చేరి వార్డు అధికారి దాకా ఎదిగాడు. సూరత్‌లో మిగిలిన కొద్దిపాటి యూదు కుటుంబాలకు పెద్దదిక్కు కూడా ఆయనే. వాళ్లలో చాలామంది అప్పటికే ఇజ్రాయెల్‌కో బొంబాయికో వెళ్లిపోయారు.

నల్లా ఇచ్చినా మా ఇంట్లో ఆయనంటే కడుపుమంటే. మా చిన్నాయనకు ఆయన వార్డులోనే మోరీలు శుభ్రం చేసే తాత్కాలిక ఉద్యోగం దొరికితే, పొద్దంతా మగ్గాల కార్ఖానాలో ఉండి, హాజరు పుస్తకంలో మాత్రం పనికొచ్చినట్టు రాయించుకునేవాడు. సాబు ఒకరోజు స్వయంగా వచ్చి మనుషులను లెక్కపెట్టి ఆ పేరు కొట్టేశాడు. నాన్న వెళ్లి బతిమాలినా కరగలేదు. ఒక్క జీతంతో గడవక చిన్నాయన బొంబాయి దగ్గరి భీవండీకి వెళ్లిపోయాడు, మళ్లీ మాతో కలిసి బతకలేదు. సాబుది రాతిగుండె అని నాన్న ఏళ్ల తరబడి తిట్టుకున్నాడు.

ఒక వానాకాలం సాబు భార్య చనిపోయింది. మా సందులో ఎవరికి జ్వరమొచ్చినా మందులు తెచ్చిచ్చిన తల్లి ఆమె. కోపం ఎంతున్నా చావు దగ్గర మొహం చాటేయకూడదని నాన్న, పెదనాన్న బయలుదేరారు. అమ్మ పనిలో ఉంది కనుక నన్నూ వెంట తీసుకెళ్లారు.

పోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన ఒకటుందట. దానికి వాళ్ల మతం మగవాళ్లు పదిమంది ఉండి తీరాలి. సమాధుల దగ్గర ఎనిమిది మందే ఉన్నారు. బొంబాయి బంధువులు వరదకు దారిలో చిక్కుకుపోయారు. తవ్విన గోతి అంచులు వానకు జారుతున్నాయి, ఇక ఆగే వీల్లేదు. ఎవరింట్లో చావైనా పరుగులు పెట్టి పదిమందిని కూడగట్టిన మనిషి, తన భార్యకు కూడగట్టలేకపోయాడు.

నాన్న, పెదనాన్న తలమీద తువ్వాళ్లు కప్పుకుని ముందుకొచ్చారు.

"సాబ్, మేమిద్దరం ఉన్నం గద. మమ్ముల గూడ లెక్కల పెట్టుకోండ్రి. ఎవలడుగుతరు?" అన్నాడు నాన్న.

సాబు కళ్లు నిండాయి. మా మధ్య తిరిగి నేర్చుకున్న తెలుగులో నెమ్మదిగా అన్నాడు: "నీ తమ్ముని పేరు కొట్టేసిన చెయ్యి ఇదే. ఇయ్యాల నా ఇంటామె కోసం లేని లెక్క ఎట్ల జెయ్యాలె? మీరు జర ఎనుక నిలవడుండ్రి. నాకు గదే చాలు."

ఆ ప్రార్థన లేకుండానే ఆమెను మట్టిలో పెట్టారు. సాబు వాళ్ల ఆచారం ప్రకారం మట్టి మీద చిన్న రాయి ఒకటి పెట్టి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాన్న వానలో తడుస్తూ చివరిదాకా వెనుకే నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన నోట సాబు మీద ఒక్క తిట్టు కూడా వినలేదు.

పెద్దయ్యాక నేను లింబాయత్‌లోని తెలుగు బడిలోనే పంతులమ్మనయ్యాను. ఏటేటా పిల్లలు తగ్గారు. ఒక ఏడు, నలుగురి పేర్లు అదనంగా రాస్తే మా తరగతి నిలుస్తుందని తోటివాళ్లు చెప్పారు. ఎవరూ అడగరన్నారు. కలం తీశాను కానీ, ఉన్న పిల్లల పేర్లే రాశాను. తరగతి మూసేశారు. అది మంచిపనో కాదో నాకిప్పటికీ తేలలేదు.

ఆ సాయంత్రం సమాధుల దగ్గరికి వెళ్లాను. భార్య పక్కనే ఇప్పుడు సాబు సమాధి ఉంది. దాని మీద ఒక రాయి పెట్టి, నాన్న నిలబడిన చోట, వెనుక, కాసేపు నిలబడ్డాను.