చీకటి పడ్డాక కనపడే గోదావరి

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. డైరీలో కూడా రాసుకోలేదు. రాజమండ్రిలో నేను మొదటిసారి అద్దెకి దిగిన ఇంటిని కుళాయి చూసి ఒప్పుకోలేదు, గాలీ వెలుతురూ చూసి ఒప్పుకోలేదు. ఇంటావిడ నోటివెంట వచ్చిన ఒకే ఒక్క మాట విని ఒప్పుకున్నాను. ఆ రోజుల్లో నేను అలాగే ఉండేదాన్ని. ఎవరైనా ఒక మాటంటే దాన్ని భద్రంగా వెంట తెచ్చుకుని, దానికి నా ఇష్టం వచ్చినట్టు కిటికీలూ వెన్నెలా అమర్చుకోవడమే తప్ప, "అంటే ఏంటండి?" అని తిరిగి అడిగే ధైర్యం ఉండేది కాదు. (ఇప్పుడేదో వచ్చేసిందని కాదు. ఇప్పటికీ ఆటో మా ఇల్లు దాటి పోతుంటే "ఇక్కడే" అనడానికి నాకు ఇంకో వీధి పడుతుంది.)

డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మాది రావులపాలెంలో బస్సు దిగి లోపలికి వెళ్లే ఊరు. గోదావరి గట్టుకి ఇవతల మేము, అవతల నీళ్లు. రోజూ బస్సులో అంత దూరం వచ్చి వెళ్లడం నాన్నకి ఇష్టం లేదు. ఇన్నీసుపేటలో పెద్దమ్మ ఉండగా పరాయి ఇల్లెందుకని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. పెద్దమ్మ బంగారం. కానీ ఆవిడ ఉండే రెండు గదుల్లో ఎప్పుడూ మోగే టీవీ ఒకటి, దాన్ని మించి మోగే పెద్దనాన్న పేకాట స్నేహితులు, ఎవరు ఎవరి పిల్లలో తెలియనంత మంది పిల్లలు. అక్కడ నేను పుస్తకం తెరిస్తే చాలు, "ఏంటే, ఒంట్లో బాగాలేదా?" అని నుదురు పట్టుకుని చూసేవారు. తలుపు వేసుకుంటే ఎందుకని ఎవరూ అడగని గది నాకొకటి కావాలని అమ్మ చేత చెప్పించాను. నాన్న చాలాసేపు ఆలోచించి ఒక ఆదివారం ఇచ్చారు. ఆ సాయంత్రం లోపల ఇల్లు దొరికితే సరే, లేకపోతే నా పెట్టె నేరుగా పెద్దమ్మగారింటికే.

ఆ రోజుల్లో ఇల్లు వెతకడమంటే వీధులు పట్టుకుని నడవడమే. గేటుకి తాడుతో వేలాడే అట్టముక్క కనపడితే ఆగడం, గొళ్లెం చప్పుడు చెయ్యడం. నాన్న ముందు, నేను ఆయన గొడుగు నీడలో వెనక. నాన్నకి ఇల్లంటే ముందు కుళాయి. గుమ్మంలో అడుగు పెట్టగానే దాన్ని తిప్పి, చేత్తో ఆ ధార బరువు చూసి, తరవాతే ఇంటివాళ్లకి నమస్కారం పెట్టేవారు. ఆ పైన వాళ్ల సొంతూరు అడిగేవారు. నాలుగో ప్రశ్నకల్లా ఏదో ఒక చుట్టరికం తేలేది. తేలిందంటే ఆ ఇల్లు పనికిరాదు. చుట్టాలింట్లో అద్దెకుంటే మాట పట్టింపులొస్తాయి. (తేలకపోతే, ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర ఆడపిల్లనెలా ఉంచుతామని అదీ వద్దనేవారు.) ఈ లెక్కన దానవాయిపేట, ఆర్యాపురం మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.

మధ్యలో గట్టు దగ్గర ఒక ఇల్లు చూశాం. మేడ మీద గది. కిటికీ తలుపు తెరవగానే నది మొత్తం గదిలోకి వచ్చేసింది. అంత నీళ్లు, అంత ఎండ, దూరాన ఒక పడవ కదులుతోందో లేదో తెలియకుండా కదులుతోంది. నేను ఆ ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. నాన్న కుళాయి వైపు కూడా వెళ్లలేదు. గట్టు తెగిన ఏడాది మేమంతా స్కూలు డాబా మీద తలదాచుకున్నాం. అప్పటినుంచి నాన్న గోదావరికి దూరం నుంచే దణ్ణం పెడతారు. "దీన్ని చూడ్డానికి అద్దె కట్టాలా? పద" అన్నారు. నా తరఫున మాట్లాడటానికి అక్కడ అమ్మ లేదు.

సాయంత్రమవుతుండగా, కాళ్లు పీకుతుండగా, స్టేషన్‌కి అవతల కొత్తగా లేచిన వీధుల్లో ఒక ఇల్లు దొరికింది. ముందు భాగంలో ఇంటివాళ్లు, పక్కన విడిగా ఒక గది, వంటకి చిన్న వసారా. ఇంటావిడకి నలభై ఏళ్లుంటాయి. నవ్వితే బుగ్గలు కళ్లని మూసేస్తాయి. (మొదటి రోజే పిన్నిగారని పిలవమన్నారు.) నాన్న పెరట్లో కుళాయితో మాట్లాడుతుంటే ఆవిడ నన్ను డాబా మీదికి తీసుకెళ్లారు. తూర్పున కొబ్బరి చెట్లు, చేలు, చేల చివర బారుగా ఎత్తయిన మట్టి గట్టు. నేను దాన్ని చూస్తుంటే ఆవిడ మామూలుగా, వంకాయలు లేతగా ఉన్నాయన్నట్టుగా అన్నారు: "ఇక్కణ్ణించి గోదావరి బాగా కనపడుతుందమ్మా."

మా ఊళ్లో గోదావరి తూర్పునే ఉంటుంది. గట్టు అవతలే ఉంటుంది. ఇక్కడా తూర్పున గట్టు కనపడుతోంది. (రాజమండ్రికి గోదావరి పడమరన ఉంటుందన్న సంగతి, పొద్దున్నే ఆ నదినే చూసి వచ్చిన నాకు తట్టలేదు. గోదావరి తూర్పున ఉండడం సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటిదని నా నమ్మకం.) ఆవిడ ఇంకా చెప్పారు. "ఇప్పుడు కాదనుకో. చీకటి పడ్డాక అందంగా ఉంటుంది. ఒక్కో రోజు ఆలస్యమవుతుంది. మా ఆయన కూడా గోదావరిలోనే వస్తారు." చీకటి పడ్డాక మాత్రమే కనపడి, ఒక్కో రోజు ఆలస్యమయ్యే నది ఏమిటని ఎవరైనా అడుగుతారు. నేను అడగలేదు. ఆలస్యమయ్యేది ఆటుపోటు అనుకున్నాను. చీకట్లో అందంగా ఉండేవి పడవల్లో దీపాలు అనుకున్నాను. ఆవిడ భర్తకి తెల్లటి లాల్చీ తొడిగి, లాంచీ ముందు నిలబెట్టేశాను కూడా.

కిందికి వచ్చాక నాన్న కుళాయి బ్రహ్మాండమన్నారు. చుట్టరికం కూడా సగమే తేలిందట. "నీకేం నచ్చింది?" అని అడిగారు. గోదావరి అంటే ఎక్కడ వద్దంటారోనని, "కుళాయే నాన్నా" అన్నాను. నాన్న మొహం వెలిగిపోయింది.

మర్నాడు నన్ను దింపి నాన్న మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయారు. ఆఫీసులో చేరి సాయంత్రం గదికి వచ్చాను. శ్రావణమాసం, సన్నగా వాన. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని ఆఫీసులో అందరూ అనుకుంటుంటే విన్నాను. చీకటి పడింది. డాబా మీదికి వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోతోంది, కానీ పిలవకుండా ఎలా వెళ్లడం? తల దువ్వుకున్నాను. మళ్లీ దువ్వుకున్నాను. అప్పుడు డాబా మీంచి పిన్నిగారి కేక వినపడింది. "అమ్మాయ్, గోదావరి వచ్చేస్తోంది, తొందరగా పైకి రా."

గట్టు కింద పుట్టిన పిల్లకి ఆ మాట చెవిన పడితే బుర్ర పని చెయ్యదు, కాళ్లే పని చేస్తాయి. వెన్నెలా దీపాలూ అన్నీ ఎగిరిపోయాయి. మంచం మీద దుప్పటి లాగి, సర్టిఫికెట్లు, పుస్తకాలు, గడియారం, దువ్వెన అన్నీ అందులో పడేసి మూట కట్టి, ఒక కాలికే చెప్పుతో మెట్లన్నీ ఎక్కాను. పైన పిన్నిగారు పిట్టగోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, తూర్పుకేసి ప్రశాంతంగా చూస్తున్నారు. నా జీవితంలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "పిన్నిగారూ, కింద బియ్యం డబ్బా ఉండిపోయిందండి."

ఆవిడ తల తిప్పకుండానే అన్నారు, "బియ్యం ఇప్పుడే కాదమ్మా. టార్చి కనపడ్డాక పోద్దాం."

నేను మూటతో అలాగే నిలబడ్డాను. అప్పుడు గట్టు మీదికి వచ్చింది గోదావరి. ఒకదాని వెనక ఒకటి వెలుగుతున్న కిటికీలు, స్టేషన్ దగ్గరపడటంతో నెమ్మదిస్తూ, చప్పుడు తరవాతెప్పుడో వచ్చేంత దూరంలో. మధ్యలో ఒక తలుపు దగ్గర చిన్న వెలుగు వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది. "అదిగో మా ఆయన" అన్నారు పిన్నిగారు. బాబాయిగారు తునిలో పనిచేస్తారట. రోజూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వస్తూ, మా వీధి ఎదురుగా టార్చి వేస్తారట. అది చూసి ఆవిడ బియ్యం పొయ్యి మీద పెడితే, ఆయన స్టేషన్‌లో దిగి సైకిలు తీసుకుని వచ్చేసరికి అన్నం వార్చడం అవుతుంది. మా కోనసీమకి రైలు లేదు. మాకు గోదావరి అంటే ఒకటే.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు. "ఈ మూటేంటమ్మా?"

"చదువుకుందామని తెచ్చుకున్నానండి."

"ఇన్నా?" అన్నారు. ఆ రాత్రే బాబాయిగారికి చెప్పారు, వారంలో వీధంతటికీ తెలిసింది. పుస్తకాలు దుప్పట్లో కట్టుకుని తిరిగే పిల్లగా నాకు స్థిరపడిన ఆ పేరుని నేను ఎప్పుడూ ఖండించలేదు. ఖండించాలంటే నిజం చెప్పాలి.

ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని కొంచెం ఏడ్చాను. లేని నది కోసం గది తీసుకున్నాను. కానీ మర్నాడు చీకటి పడ్డాక మళ్లీ పైకి వెళ్లాను. ఈసారి మూట లేకుండా. వానకి చేలన్నీ నిండి ఉన్నాయి. రైలు వెళ్తుంటే కిటికీల వెలుగంతా గట్టు కింది నీళ్లలో పరుచుకుని, సాగి, వణుకుతూ పారింది. టార్చి వెలిగింది. పిన్నిగారు కిందికి వెళ్తూ, "నీకూ పోస్తున్నాను, ఇవాళ వండుకోకు" అన్నారు. నేను వద్దనలేదు. ఆ తరవాత ఆవిడ అడగడం, నేను మొహమాటపడటం రెండూ మానేశాం.

తరవాతి ఆదివారం నాన్న అరటిపళ్లు పట్టుకుని వచ్చారు. కుళాయి ఒకసారి తిప్పి చూసి, గుమ్మంలో కూర్చుని, నా వైపు చూడకుండా అన్నారు. "అమ్ములూ, ఆ గట్టు మీది ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చేటప్పుడు కనుక్కునే వచ్చాను. ఆ రోజు కిటికీ దగ్గర నుంచున్నావు చూడు, వారమంతా నాకు అదే కళ్లల్లో మెదిలింది. కావాలంటే మారిపోదాం."

"మరి వరదొస్తే నాన్నా?"

"వస్తే దాని వెనకాలే నేనూ వస్తాను."

ఊచలు పట్టుకుని నిలబడ్డ ఆ కిటికీ, ఆ పడవ మొత్తం ఒక్కసారి నా ముందుకి వచ్చాయి. నేను వాటిని చూశాను. వంటింట్లో పిన్నిగారు బియ్యం చెరుగుతున్న చప్పుడు కూడా విన్నాను. "వద్దు నాన్నా, ఇక్కడ కుళాయి బాగా వస్తుంది" అన్నాను. మా అమ్మాయి నా పోలికే, ముందు కుళాయే చూస్తుందని నాన్న ఆ తరవాత చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నారు.

ఉద్యోగం విశాఖపట్నం మారేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఇప్పటికీ సొంతూరికి ఆ గోదావరి బండిలోనే బయల్దేరతాను. నా చేతిసంచిలో టార్చి చూసి, ఇంత జాగ్రత్తపరురాలివా అని మా వారు ఆశ్చర్యపోతుంటారు. కడియం దాటాక నేను పుస్తకం మూసేసి కిటికీ దగ్గరికి జరుగుతాను. ఒక కాలికే చెప్పుతో, మూటతో డాబా మీద నిలబడ్డ ఒక పిల్ల ఆ చీకట్లో ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది నాకు. నేను ఆ ఇల్లు వదిలిన రోజు రిక్షా కదులుతుంటే పిన్నిగారు గేటు పట్టుకుని నిలబడ్డారు. అక్కణ్ణించే అన్నారు:

"ఎప్పుడైనా గోదావరిలో వస్తుంటే టార్చి వెయ్యమ్మా. ఇంకో గుప్పెడు ఎక్కువ పోస్తాను."