ఖాళీ స్లాట్

ధర్మవరం బస్సులో నా పక్కన కూర్చున్న నేతగాడి ఒళ్ళో మూత లేని పాత సీపీయూ ఉంది. కంప్యూటర్లు బాగు చేసేవాణ్ణి కాబట్టి లోపలికి తొంగి చూశాను. చిన్న ర్యామ్ ఒక్కటే ఉంది, పక్క స్లాట్ ఖాళీ.

"శానా స్లోగా పోతాండాదని లోపలిదంతా తుడిపించినానన్నా. నా భార్య గీసిన చీర అంచులన్నీ దీంట్లోనే ఉండె. ఆమె పోయి ఆర్నెల్లాయ. బిడ్డ కంప్యూటరు నేర్చుకోవల్ల గదా అని, ఏమీ ఉంచొద్దని షాపాయనకు నేనే చెప్పినా. అయినా అట్లే స్లోగా ఉండాది."

"ఇంకో ర్యామ్ వేయించు, స్పీడు సరిపోతుంది," అన్నాను.

అతను ఆ ఖాళీ స్లాట్‌ను వేలితో తడిమాడు.

"ముందే ఏయించింటే ఆ అంచులు మిగులుతాండెనా?"

మిగిలేవని నాకు తెలుసు.

"లేదప్పా. పాత డిస్కు. ఎట్లయినా పోయేవే," అన్నాను.

తలూపి, దుమ్ము పడకుండా తువ్వాలు తీసి ఆ ఖాళీ మీద కప్పాడు.