నూటికి నూరు మార్కుల గొంతు

పోయిన ఆదివారం మా పెద్దమ్మ చనిపోయింది. అనంతపురంలో మా హాస్టలు ఎదుట ఉన్న ఎస్టీడీ బూత్‌కు ఫోను వస్తే, బూత్ నడిపే అన్న పరుగున వచ్చి చెప్పాడు. "మీ పెద్దమ్మ పోయిందంటప్పా. సద్దు ల్యాకుండా పోయిందంట."

ముదిగుబ్బ దాటి ఊరు చేరేసరికి ఇదే మాట ఇంకో పదిమంది నోట విన్నాను. సద్దు లేకుండా పోయింది. ఎవరికీ కష్టం ఇవ్వకుండా పోయింది. చావడంలో కూడా ఆమె ఏదో మర్యాద పాటించినట్టు, అందుకు మెచ్చుకుంటున్నట్టు. పాడె పక్కన నిలబడినవాడికి అంత కోపం రాకూడదు. వచ్చింది. ఇంకా పోలేదు. కాబట్టి ఈ నివాళిలో సంతాపం కంటే తిట్లు ఎక్కువగా ఉంటే పాఠక మహాశయులు మన్నించాలి.

ముందుగా ఆ అబద్ధాన్ని సరిచేస్తాను. మా పెద్దమ్మ సద్దు లేని మనిషి కాదు. ఆమె పెరట్లో నిలబడి "బా... బా... బా" అని కోళ్లను పిలిస్తే, అప్పుడే బస్సు దిగినవాళ్లు కూడా అటు ఒక అడుగు వేసేవారు. పెదనాయన ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. ఆమెకు ఉన్నది ఆ పెరడూ, ఇరవై కోళ్లూ, ఆ గొంతూ. సెలవులొస్తే నేనూ.

"అన్నిట్నీ కోడి అంటే యాడ సరిపోతాదిరా అబ్బీ? ఒక్కోదానికి ఒక్కో గుణముండాది" అనేది. గిన్నీకోడి ఉండేది, ఒంటినిండా తెల్ల చుక్కలు. కొత్త మనిషి గడప తొక్కితే వీధి మొత్తానికీ తెలియాల్సిందే. "ఇది కోడి గాదురా, పోలీసు జీపు." పందెం జాతి పుంజు మాట్లాడదు, నేరుగా కాలి మీదికి దూకుతుంది. "మీ పెదనాయన మాదిరి. నోరు తక్కువ, కోపమెక్కువ." మెడ మీద ఈకల్లేని పెట్ట పొద్దస్తమానం తనలో తాను గొణుక్కునేది, బస్సు రాని బస్టాండులో ముసలాయనలా.

నాటుపెట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె వేళాకోళం ఆపేది. దానికి మూడు కూతలట. "గుడ్డు పెడితే ఊరికి చెప్తాది. గద్దొస్తే పిల్లలకు చెప్తాది. పామొస్తే నాకు చెప్తాది." నాకు మూడూ ఒకేలా వినిపించేవి. ఆమె పొయ్యి దగ్గర తల ఎత్తకుండానే విని, రెండు కూతలకు ఊరకుండి మూడోదానికి కట్టె పట్టుకుని లేచేది. ఒకసారి చెవులు మూసుకుని "ఎంత గోల పెద్దమ్మా!" అన్నాను. "దానికి నోరు ల్యాకపోతే దాని పిల్లల్ని నువ్వు కాస్తావేమిరా?" అంది.

ఇక నా ఘనకార్యం. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో, పరీక్షల తిక్క తలకెక్కి, ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి పట్టిక రాశాను. పేరు: "పెరటి కోళ్ల స్వభావము, శబ్దము – ఒక తులనాత్మక పరిశీలన". గిన్నీకోడి, శబ్దం: నూటికి తొంభై ఎనిమిది. నాటుపెట్ట: ఎనభై. పందెం పుంజు: ముప్పై, ప్రవర్తన సంతృప్తికరంగా లేదు. అట్టడుగు వరుసలో: జాతి, పెద్దమ్మ. శబ్దం, నూటికి నూరు. చదివి వినిపిస్తే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "నన్నూ కోళ్లలో కలిపినావు గదరా ఎదవా!" ఆమెకు చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో నడవ గోడకు అతికించింది, వచ్చినవాళ్లంతా చదవాలని.

పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్న రిటైరైన సారు చదివాడు. "చానా బాగా రాసినాడమ్మా మీవాడు, ఒకసారి ఇయ్యి, చూసి ఇస్తా" అన్నాడు. ఆమె మురిసిపోయి, చిరగకుండా తీసి ఇచ్చింది.

మరుసటి వారం పంచాయతీ ఆఫీసు అరుగు మీద కోళ్ల గోల గురించి సారు ఫిర్యాదు చేసి, రుజువుగా ఆ కాగితం తీశాడు. "డిగ్రీ చదివే పిల్లోడు, సొంత ఇంట్లోవాడే రాసినాడు" అంటూ మార్కులన్నీ చదివాడు.

"అది తమాషాకు రాసిందన్నా!" అని అరిచాను.

ఊరిపెద్ద నా వైపు జాలిగా చూశాడు. "తమాషాకు ఎవురన్నా గళ్లు గీసి మార్కులేస్తారేమప్పా? రాతలో ఉండాది గదా, ఇంకేమి?"

సారు ఆఖరి వరుస కూడా చదివాడు. అరుగంతా నవ్వింది. ఇంట్లో నాతో నవ్విన నవ్వు కాదది. పెద్దమ్మ నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసి, కొంగు సర్దుకుంది.

తీర్పు వచ్చింది. అరిచేవన్నీ సంతకు, వాటి బదులు సారు చెప్పిన గిరిరాజ కోళ్లు. నెమ్మదస్తులు, బరువైనవి, కూత తక్కువ. పెద్దమ్మ ఒకటే అడిగింది. "అన్నా, గద్దొస్తే ఇవి యాం చెప్తాయి?" ఊరిపెద్ద తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అరుగు దిగాడు.

"ఇవి కోళ్లు గాదురా, దిండ్లు" అంది ఆ తర్వాత నాతో. ఆమె నోట నేను విన్న చివరి హాస్యం అదే. అప్పటి నుంచి వాటిని పిలవడం కూడా మానేసింది. మేత గిన్నె మీద వేళ్లతో తట్టేది, అంతే. వీధిలో మాట్లాడితే గొంతు తగ్గించేది. "ఇప్పుడు బాగుండాదమ్మా" అని సారు మెచ్చుకునేవాడట. నేను క్షమాపణ అడగలేదు. నవ్వించి సరిచేద్దామనుకున్నాను. నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె నూకల చాటతో పెరట్లోకి వెళ్లి, గుండె పట్టుకుని పడిపోయింది. మధ్యలో గోడ అడ్డమున్నా, సారు వసారా అక్కడికి ఇరవై అడుగులే. ఆయన అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు. సాయంత్రం పాలామె వచ్చేదాకా ఎవరూ చూడలేదు. అప్పటికి గిరిరాజులు చాట చుట్టూ చెదిరిన నూకలన్నీ తినేసి, ఆమె పక్కనే నీడకు పడుకుని ఉన్నాయట.

"నేను ఈడే ఉంటినప్పా. ఒక్క కోడన్నా అరవలా" అన్నాడు సారు నాతో, తన తప్పేమీ లేదని చెప్పడానికి. ఆ మాట పూర్తయ్యాక ఆయనే తల దించుకుని తన వసారా వైపు నడిచాడు. గిన్నీకోడి ఉండుంటే ఆమె బతికేదని నేను అనను. ఎవరో ఒకరు వచ్చేవారు. ఒంటరిగా పోయేది కాదు. సారు మీద కోపముంది, ఊరిపెద్ద మీద ఉంది. కానీ ఆ చేతిరాత నాది. గళ్లు కూడా స్కేలు పెట్టి గీశాను.

మూడోనాడు పాలు పోసి వచ్చాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. నేను పెరట్లోకి వెళ్లాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. కోళ్లన్నీ గోడవార సన్నటి నీడలో వరుసగా నిలబడి ఉన్నాయి. వేడికి తాళలేక అన్నీ నోళ్లు తెరిచాయి. గొంతుల కింద చర్మం అదురుతోంది, ఇప్పుడే ఏదో చెప్పబోతున్నట్టు. చాలాసేపు నిలబడ్డాను. నోళ్లు అలాగే తెరుచుకుని ఉన్నాయి.