మనుషుల మధ్యాహ్నం

నేను రాసిన పన్నెండు పేజీల మీద నుంచి నా పేరు తీసేశారు. ఆ చోట ‘మన భవనంలో పనిచేసే ఒక వ్యక్తి’ అని అచ్చువేసి అరవై మంది పిల్లల చేతుల్లో పెట్టారు. తీసింది నేనంటే గిట్టనివాళ్ళు కాదు. ఈ దేశంలో నన్ను మొట్టమొదట ‘మిస్టర్ సుబ్బారావ్’ అని పిలిచిన మనిషే తీసింది. ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. ముసలాడు ఈపాటికి మర్చిపోయి ఉంటాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ పొరపాటు.

మొన్న ఆగస్టులో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఇల్లంతా లావు మార్కర్ల వాసన. స్పిరిట్ ఘాటు, దాని కింద ఏదో పుల్లటి పండు లాంటి తీపి. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను మంచం మీద లేను. ఎండ నిలువునా పడుతున్న ఒక పొడుగాటి వసారాలో, ఇంకా ఆరని నేల ముందు, చేతిలో మాప్ కర్రతో నిలబడి ఉన్నాను. హాల్లోకి వెళ్ళి చూస్తే మా మనవరాలు అన్విత నేల మీద రంగు కాగితాలు పరుచుకుని పేర్లు రాస్తోంది. కాలేజీలో రెండో ఏడు. హాస్టల్లో ఒక అంతస్తు పిల్లల బాగోగులు చూసే విద్యార్థి ఉద్యోగం దొరికింది. దాన్ని ఆర్.ఏ. అంటారు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

“తాతా, డోర్స్‌కి నేమ్స్ చేస్తున్నా. ఫార్టీటూ ఉన్నాయి! కట్ చేస్తావా ప్లీజ్?”

“ట్రైనింగ్ ఎప్పుడే?”

“మండే నుంచి. మార్నింగ్ అంతా అప్‌డేట్స్, సో బోరింగ్. ఆఫ్టర్‌నూన్ డైవర్సిటీ ట్రైనింగ్. వెయిట్, నీకెలా తెలుసు ట్రైనింగ్ ఉంటదని?”

తెలుసులే అని కత్తెర అందుకున్నాను. పొద్దున అప్‌డేట్స్, మధ్యాహ్నం మనుషులు. ఆ వరుస పెట్టిన మనిషి నాకు తెలుసు. కనీసం నేను పనిచేసిన చోట పెట్టింది మిసెస్ హోల్ట్.

మా ఆవిడ సరోజిని నర్సు. డెబ్భై ఆరులో ఆవిడ ఉద్యోగం వెనకాల నేను ఒహాయో రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఊరికి వచ్చాను. నా చదువు రేపల్లెలో ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాది నాకు నేనే చెప్పుకున్నాను. హాస్టల్ భవనంలో నేలలు తుడిచే పని దొరికింది. ఏటా మే నెలలో పిల్లలు ఇళ్ళకు పోతూ చెత్త డబ్బాల్లో పారేసిన పుస్తకాలు మోసుకొచ్చుకునేవాణ్ణి. చరిత్ర, వృక్షశాస్త్రం, న్యాయశాస్త్రం, ఏది దొరికితే అది. నాకు దొరికిన నిఘంటువుకు ముందు పేజీలు లేవు. ఎ, బి, సి అక్షరాల మాటలు మొత్తం పోయి డి నుంచి మొదలయ్యేది. అందుకని చాలా కాలం నా ఇంగ్లీషు కూడా డి నుంచే మొదలయ్యేది.

మిసెస్ హోల్ట్‌ను మొదటిసారి చూసింది ఆ వసారాలోనే. ఆవిడ హాస్టళ్ళ ఆఫీసులో విద్యార్థి ఉద్యోగులకు పై అధికారి. నల్లజాతి మనిషి, యాభై దాటిన వయసు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, నడిస్తే చప్పుడు చేయని బూట్లు. నేను అప్పుడే తుడిచిన నేల తళతళలాడుతోంది. తడి నేల మీద నడిచి వెళ్ళిపోవడం అందరూ చేసే పనే. నేను మళ్ళీ తుడవడం కూడా రోజూ ఉన్నదే. ఆవిడ మాత్రం అంచు దగ్గర ఆగింది.

“మీ పేరు?”

“రావ్, మేడమ్.”

“అది పూర్తి పేరేనా?”

“సుబ్బారావు.”

“మిస్టర్ సుబ్బారావ్, ఇది ఆరడానికి ఎంతసేపు పడుతుంది?”

“పది నిమిషాలు.”

ఆవిడ మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి ఏవో కాగితాలు తీసి చదువుకుంది. పది నిమిషాలు. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆ తడి మీద మెల్లగా జరుగుతూ, జరిగినంత మేరా నేల ఆరుతూ వచ్చింది. ఆఖరి తడి మచ్చ మాయమయ్యాక ఆవిడ లేచి, తల ఊపి, నడిచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో చాలామంది నాకు థ్యాంక్స్ చెప్పారు. నేల ఆరేదాకా కూర్చున్నది ఆవిడొక్కతే.

ఆ తర్వాతి ఏడు మగ్గు గొడవ వచ్చింది. మూడో అంతస్తు టాయిలెట్‌లో ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ఉండేది. తెనాలి నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన సుధాకర్‌ది. ఆ అంతస్తు ఆర్.ఏ. కెవిన్ అనే కుర్రాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే శుభ్రం మీద వెర్రి. ఎవరో మర్చిపోయిన సామాను అనుకుని మగ్గును చెత్తలో వేశాడు. మర్నాడు నీలం మగ్గు వచ్చింది. అదీ చెత్తలోకి పోయింది. తర్వాత పసుపుది. కింద నేల మీద ఎప్పుడూ కాసిన్ని నీళ్ళు. ఎవడో తనను ఆటపట్టించడానికే ఇదంతా చేస్తున్నాడని కెవిన్ తీర్మానించుకుని ఫిర్యాదు రాశాడు. సుధాకర్ మగ్గుతో దొరికాడు. విచారణ పెట్టారు. కావాలని భవనం పాడుచేస్తున్నాడని తేలితే గది ఖాళీ చేయాలి. నడి చదువులో, మంచు పడే రోజుల్లో.

వాడు నా సామాన్ల గదికి వచ్చి, బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు.

“బాబాయ్, ఏమని చెప్పేదండీ వాళ్ళకి? కడుక్కోడానికని ఎట్టా చెప్పను? ఆ కమిటీలో ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారంట.”

“చెప్పకపోతే గది పోద్దిరా.”

“పోతే పోయింది. తెనాలి ఎళ్ళిపోతాగానీ ఆ మాట మాత్రం నా నోటెంట రాదండి.”

వాడి నోటి వెంట రాని మాటను నేను మోసుకుని మిసెస్ హోల్ట్ గదికి వెళ్ళాను. నిఘంటువులో నేర్చుకున్న మర్యాద మాటలన్నీ వాడి, ఆ నీళ్ళు దేనికో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?”

“మూడు వారాలుగా, మేడమ్.”

“మూడు వారాలు ఆ నీళ్ళు తుడుస్తూ ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవరూ అడగలేదు.”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బయట మంచు ఎటూ తోచనట్టు మెల్లగా పడుతోంది. “నిజమే,” అంది. “మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. మీకు ఇంకా ఏమేం తెలుసు?”

నేను బయటికి వచ్చి తలుపు వేశాక లోపల్నుంచి నవ్వు వినిపించింది. పగలబడి, ఊపిరాడనట్టు. వసారాలో నేనూ నవ్వాను. విచారణ రద్దయింది. వారం తిరక్కుండా కెవిన్ స్వయంగా టాయిలెట్ గోడకు కొక్కెం బిగించి పసుపు మగ్గు తగిలించాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, “రావ్, నిజం చెప్పు, అది కాగితం కన్నా బాగుంటుందా?” అని అడిగాడు. “నువ్వే చూసుకో” అన్నాను. చూసుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఏటా ఆగస్టులో, పిల్లలు రాకముందు, ఖాళీ భవనంలో ఆవిడ శిక్షణ జరిగేది. పొద్దున కొత్త తాళాలు, కొత్త నిబంధనలు, పాడైన లిఫ్టు సంగతి. వాటిని ‘అప్‌డేట్స్’ అనేది. భోజనాలయ్యాక ‘ఇక మనుషుల మధ్యాహ్నం’ అనేది. అప్పట్లో దానికి వేరే పెద్ద పేరేమీ మా దాకా రాలేదు. ఒకసారి ఎవరో ప్రొఫెసర్ తెరమీద బొమ్మలు చూపిస్తూ ఆసియా వాళ్ళు ఇలా ఉంటారు, ఆఫ్రికా వాళ్ళు అలా ఉంటారని కర్రతో చూపించాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నాకు, కాళ్ళూ చేతులూ విడదీసి సీసాలో పెట్టినట్టయింది. ఆయన వెళ్ళాక మిసెస్ హోల్ట్ లేచింది. “ఇప్పుడు విన్నదంతా మర్చిపోండి. తలుపు తట్టండి. అడగండి,” అంది.

తలుపుల మీద పేర్ల విషయంలో ఆవిడ పట్టుదల అంతా ఇంతా కాదు. ఒక ఏడు, పేపర్ల నిండా ఒక దేశం మీద కోపమే ఉన్న రోజుల్లో, ఆ దేశపు కుర్రాడి తలుపు మీది పేరు ఎవరో చించేశారు. కెవిన్ కొత్తది అతికించాడు. మళ్ళీ చించారు. పొద్దునే ఊడ్చేటప్పుడు ఆ ముక్కలు నాకే దొరికేవి. ఆకుపచ్చ కాగితం మీద సగం అక్షరాలు. వాటిని చెత్తలో వేయబుద్ధి కాక జేబులో పెట్టుకునేవాణ్ణి. ఆరోసారి కెవిన్ విసిగిపోయి, పేరు లేకుండా వదిలేస్తే ఆ కుర్రాడికే మంచిదేమో, క్షేమంగా ఉంటాడేమో అన్నాడు.

“అతన్ని అడిగావా?” అంది మిసెస్ హోల్ట్.

“లేదు.”

“అయితే అతికించు. ఎన్నిసార్లు చించితే అన్నిసార్లు. ఒక మనిషి పేరు ఉండాలో వద్దో అతని తరఫున నువ్వు నిర్ణయించకు.”

ఈ మాట నా చెవులతో విన్నాను. అందుకే తర్వాత జరిగినదాన్ని మింగలేకపోయాను.

ఆ వేసవిలో ఆవిడ నన్ను రాయమంది. మీరు ఈ భవనంలో చూసినవి, మీ మాటల్లో, అంది. వేసవంతా రాశాను. పగలు ఖాళీ గదుల్లో నేలకు మైనం పట్టించడం, ఆ మెరుపులో నా నీడ నాతోపాటు నడవడం, సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పొద్దుటి నుంచి తలలో తిరిగిన వాక్యాన్ని కాగితం మీద దించడం. ఆదివారాలు ఫోన్ దగ్గర నిలబడి, చేయకుండానే వెళ్ళిపోయే అమ్మాయి గురించి రాశాను. ఉపవాసం ఉన్న కుర్రాడు భోజనశాలకు ఎందుకు రాలేదో తెలియక జబ్బు చేసిందని డాక్టర్ను పిలిపించిన సంగతి రాశాను. మగ్గు సంగతి, సుధాకర్‌ను అడిగి, వాడి పేరు లేకుండా రాశాను. పన్నెండు పేజీలయ్యాయి. సరోజిని చదివి, “ఇంత ఇంగ్లీషు మీకెప్పుడు వచ్చిందండీ?” అంది. ఆఖరి పేజీ కింద నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి ఇచ్చాను. జీవితంలో నేను రాసి, పేరు పెట్టుకున్నది అదొక్కటే.

ఆగస్టులో శిక్షణ రోజున గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాగితాలు పంచారు. నేనూ ఒకటి అడిగి తీసుకున్నాను. అన్నీ నా మాటలే, ఒక్కటి మారలేదు. పేరు మాత్రం లేదు. ‘ఒక వ్యక్తి’. పిల్లలు చదువుతూ నవ్వుతున్నారు, ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. గుమ్మంలో మాప్ పట్టుకున్న మనిషిని ఒక్కరూ తలతిప్పి చూడలేదు. మిసెస్ హోల్ట్ చూసింది. చూసి, కళ్ళు దించుకుంది.

వేరే భవనానికి మార్పించుకున్నాను. అక్కడి నుంచి ఏటా ఆగస్టులో ఆవిడకు ఒకటే వాక్యంతో ఉత్తరం రాశాను. ‘నా పేరు ఎందుకు తీశారు?’ నాలుగేళ్ళు, నాలుగు ఉత్తరాలు. సరోజిని అనేది, “వదిలేయండి, ఆవిడ మీకు మంచే చేసింది కదా.” మంచి చేసింది కాబట్టే వదల్లేదు. ప్రొఫెసర్ తీసేసి ఉంటే ఆ సాయంత్రానికే మర్చిపోయేవాణ్ణి.

ఆవిడ రిటైరై సొంతవూరు వెళ్ళాక, ఆకులు రాలే కాలంలో జవాబు వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ ముందు పేజీలు లేని నిఘంటువులో. ఆవిడ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. కానీ ఎవరి మేలు కోరి ఏ పని చేయబోయినా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆవిడ ఇచ్చినదే. మొన్న అన్విత ఒక పేరు పొడుగ్గా ఉందని, కాగితంలో పట్టదని, సగం రాసి ఆపబోయింది. “ఆ పిల్లని అడిగావా?” అన్నాను. ఫోన్ తీసి అడిగింది. పూర్తిగానే కావాలందట. ఇంకో కాగితం అతికించి రాసింది. తర్వాత నేను గదిలోకి వెళ్ళి ఆ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను.

“మిస్టర్ సుబ్బారావ్, మీ నాలుగు ఉత్తరాలూ అందాయి. ప్రతిసారీ జవాబు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే నన్ను నేను వెనకేసుకొస్తుంటే చూసి చించేశాను. నేలలు తుడిచే మనిషి చేత రాయించానని పైవాళ్ళకు తెలిస్తే మీ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అది నిజం. కానీ అది జవాబు కాదు. నా మంచి కోరి నన్ను అడక్కుండా నా తరఫున నిర్ణయాలు చేసినవాళ్ళ మధ్యే నేను పెరిగాను. దాని రుచి నాకు తెలుసు. తెలిసీ మీకు అదే పెట్టాను. ఆ పేజీలు ఇప్పటికీ ప్రతి ఆగస్టులో పంచుతున్నారు. అసలు ప్రతి నా బల్ల మీదే ఉంది. ఆ రోజు అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీ పేరు వేయించమంటారా?”