గంజి పెట్టిన కుల్లాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అలసిపోని మనిషంటూ ఎవరూ ఉండేవారు కాదు. ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు మాది. నాన్న తెల్లారకముందే మగ్గం గుంతలోకి కాళ్ళు దించేవాడు. అమ్మ, అవ్వ, నేను ఆయన నేతకు నూలు కండెలు చుట్టేవాళ్ళం. అవ్వ అంటే నాన్నను కన్నతల్లి. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించానో లేదో, రాట్నం నాకోసం కాచుకొని ఉండేది. డెబ్బైల నాటి మాట, నాకప్పుడు పదేళ్ళు. ఇప్పటికీ మగ్గంలా టకటకమని ఏ చప్పుడు విన్నా నా భుజాలు వాటంతటవే కుంగిపోతాయి.

ఆ ఏడు చలికాలంలో అక్క కాన్పుకు వచ్చింది. ఆమె తొలిబిడ్డ రెండేళ్ళ కిందట ఇలాంటి చలిలోనే, పురిటిలోనే పోయింది. ఈసారీ నెల ముందే నొప్పులొచ్చి గుప్పెడంత ఆడపిల్ల పుట్టింది. మాలో బిడ్డ పుట్టకముందే దానికోసం ఏదీ కుట్టకూడదు, అల్లకూడదు. అందుకని ఇంట్లో ఒక్క కుల్లాయి కూడా లేదు. పాత పంచె చింపి చెవులకు చుడితే ఆ చిన్న తలకు నిలవక జారిపోయేది. అక్క నిద్రలో కూడా తడుముకొని ఆ గుడ్డ సర్దుతూనే ఉండేది.

బడిలో టీచరమ్మ నేర్పిన ఊలు అల్లిక నాకు కొంచెం వచ్చు. పదకొండోనాడు ఉయ్యాలలో వేసేలోగా కుల్లాయి నేనే అల్లుతానని చెప్పేశాను. టీచరమ్మను అడిగి పసుపురంగు ఊలు ఉండ తెచ్చుకున్నాను. రోజూ కండెలు చుట్టడం అయ్యాక, అలసటకు మెడ నిలవకపోయినా గడపలో కూర్చుని అల్లేదాన్ని. విసుగొచ్చిన కొద్దీ పోగును ఇంకా గట్టిగా లాగేదాన్ని. మా ఇంట్లో పొగడ్త అంటే ఒక్కటే, నేత గట్టిగా ఉందని. పల్చగా నేస్తే షావుకారు గుడ్డను మొహాన కొట్టేవాడు. అందుకని అల్లిక ఎంత బిగిస్తే అంత గొప్ప అనుకున్నాను. అంతటితో ఆగానా! నాన్న పడుగు నూలుకు పెట్టే గంజిలో కుల్లాయిని ముంచి ఆరేశాను. కొబ్బరిచిప్పలా తయారైంది. నాకు మహా గర్వంగా ఉండింది.

ఉయ్యాలనాడు అక్క దాన్ని బిడ్డ తలకు తొడిగింది. బలవంతాన దిగింది. కాసేపటికే పిల్ల గుక్కపెట్టింది. తీసి చూస్తే నుదుటిమీద ఎర్రటి గీత. అక్క పంచె గుడ్డే మళ్ళీ చుట్టి, అటు తిరిగి కూర్చుని ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

"పది దినాలు సేతులు పడిపోయేట్లు అల్లినా. దానికి పెట్టుకోను గూడా రాదు!" అని నేను ఆ పసిగుడ్డు మీద అరిచాను. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మరునాడు ఆదివారం. పొద్దున్నే అవ్వ నన్ను పిలిచి, ఆ కుల్లాయిని నా ఎడమ పిడికిలికి తొడిగి, నాడాలు మణికట్టుకు కట్టేసింది.

"ఈ పొద్దు రాట్నం ముట్టద్దు. ఉయ్యాల ఊపుతా కూర్సో. నీ కండెలు నేను సుడతాలే," అంది.

అది శిక్షో సెలవో నాకు అర్థం కాలేదు. మొదట్లో హాయిగానే ఉంది. మధ్యాహ్నానికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, గంజి అంచు ఒరుసుకొని చర్మం మండసాగింది. సాయంత్రం అవ్వ విప్పేసరికి, బిడ్డ నుదుటిమీది గీతే నా మణికట్టు చుట్టూ ఉంది.

"ఎట్లుండాది మే సేయి?"

"మండుతాంది అవ్వా."

"నీకు సెప్పను నోరన్నా ఉండాది."

ఇద్దరం కూర్చుని వేడినీళ్ళలో గంజి వదిలించి, వరుస వరుసా విప్పాం. "మగ్గానికి బిగువు కావల్ల. బిడ్డకు వదులు కావల్ల," అంటూ అల్లికలోని ప్రతి కన్నులో వేలికొన దూర్చి చూసుకోమంది. తను చూపించబోయింది కానీ ఆమె వేలు తిన్నగా సాగలేదు. జీవితమంతా పోగు పట్టుకొని అలాగే వంగిపోయింది. "అల్సినప్పుడు అల్లద్దు మే. అల్సిన సేయి బిగపడతాది. పక్కన పెట్టు," అంది. నా వంతు కండెలు ఇంకా మిగిలి ఉంటే, మోకాళ్ళు పట్టుకొని లేచి రాట్నం దగ్గరికి పోయింది.

రెండో కుల్లాయికి ఇంకో పది రోజులు పట్టింది. వంకరటింకరగా వచ్చినా మెత్తగా చెవులు కప్పింది. అది తొడిగిన రోజు అక్క బిడ్డను పక్కన వేసుకొని, ఒక్కసారీ తడుముకోకుండా, పట్టపగలు ఒళ్ళెరగని నిద్ర పోయింది.

మొన్న ఆ పిల్ల కూతురికే బిడ్డ పుట్టింది. మళ్ళీ ఊలు తెచ్చుకున్నాను. నా వేళ్ళూ ఇప్పుడు అవ్వ వేళ్ళలాగే వంగిపోయాయి. నాలుగు వరుసలు అల్లేసరికి పోగు బిగుస్తుంది, సూదులు పక్కన పెట్టేస్తాను. పిల్లలను పెంచినప్పుడూ అంతే, అలసట చేతిలోకి దిగుతోందని తెలియగానే అవతలికి పోయేదాన్ని. అవ్వ చెప్పిన ఆ మాటతోనే ఇంతదూరం నెట్టుకొచ్చాను. కానీ పక్కన పెట్టమని అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నా కండెల కోసం ఆమె లేచిపోతుంటే, పక్కనే కూర్చున్న నేనూ చెప్పలేదు.