పత్తి వెంట పరుగు

జమ్మికుంటలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నప్పటి మాట. కాలేజీల మధ్య క్రాస్ కంట్రీ పరుగుపందెం జరిగింది. మా కాలేజీ నుంచి నలుగురమే దిగాం. నలుగురూ చివరి గీత దాటితేనే జట్టును లెక్కలోకి తీసుకుంటారు.

దారి చూపడానికి రోడ్డు పక్కన సున్నం పోశారు. సగం దూరానికి అందరికంటే నేనే ముందున్నాను. ఆ ఊపులో, సున్నం చేన్లవైపు మలుపు తిరిగినా గమనించక, ఎదురుగా తెల్లగా కనబడుతున్నదాని వెంటే దూసుకుపోయాను. తీరా చూస్తే మార్కెట్ యార్డు గేటు!

అక్కడున్న హమాలీ పగలబడి నవ్వాడు. "బిడ్డా, గది సున్నం గాదు, ట్రాలీలకెల్లి రాలిన పత్తి!"

నేను పత్తి రైతు కొడుకును. సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి పరుగెత్తాను. మలుపు దగ్గర జెండాలు పీకుతున్న నిర్వాహకుడు, "అందరు పోయిండ్రు తమ్మీ, జీపెక్కు" అన్నాడు.

"ఎక్క సార్. నేను గీత దాటకుంటె మావోళ్ల ఉరుకుడు గూడ లెక్కకు రాదు."

"ఇంక మూడు కిలోమీటర్లున్నది!"

"ఉండనియ్యుండ్రి."

జీపు నా వెనకే హారన్ కొడుతూ వచ్చింది. అందరికంటే చివర చేరాను, మా కాలేజీ పేరు పట్టికకెక్కింది. ఇప్పటికీ పత్తి ట్రాలీ కనబడితే చాలు, స్నేహితులు ఫోన్ చేసి వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. దారి తప్పాను గానీ, జీపు ఎక్కలేదు.