దాని నోరు, నా గుండె

నా బిడ్డకు ముప్పై దాటాయి. ఇప్పటికీ నేను ముద్ద కలిపి నోట్లో పెడితేనే తింటుంది. పుట్టగానే ఏడవలేదు. చాలాసేపటికి ఏడ్చింది. ఆ ఆలస్యమే దాని కాళ్లల్లోకీ చేతుల్లోకీ మాటల్లోకీ వెళ్లి కూర్చుంది. నడవదు. చేయి నోటిదాకా రాదు. "అమ్మ" అంటుంది, "వద్దు" అంటుంది, అంతే. నా చేయి కాకుండా ఇంకెవరి చేయి ముందుకొచ్చినా పెదాలు బిగించేస్తుంది. కన్నతండ్రి చేతిని కూడా ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన రైల్వేలో పనిచేసి, రిటైరైన కొన్నాళ్లకే పోయాడు. నాందేడులో పట్టాల అవతల రెండు గదుల ఇల్లు, ఆయన పింఛను, నేను, అది. చదువంటారా, నాకు సంతకం వస్తుంది. అందుకే ఇదంతా నోటితో చెప్తున్నాను.

ఆయన పోయాకే సోమవారం ఒక్కపొద్దు మొదలుపెట్టాను. గోదావరి ఒడ్డున శివుడి గుడికి పోయి ఒక్కటే అడిగాను. నాకంటే ఒక్కరోజు ముందు దాన్ని తీసుకుపో అని. తల్లి అడగాల్సిన మాటేనా అని మీరనుకుంటారు. అనుకోండి. నేను పోయిన మరునాడు ఆ బిగించిన పెదాల ముందు ఎవరు కూర్చుంటారో చెప్పండి, నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు బిడ్డ ఆరోగ్యం కోసం అన్నాను.

మా గల్లీలో ఎక్కువమంది మరాఠీవాళ్లు. పక్కింట్లో మాత్రం భోకర్ నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు, కిరాణా దుకాణం ఉంది. ఆ ఇంటావిడ నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. సోమవారం వాళ్ల దుకాణంలో సాబుదానాకు, అదే సగ్గుబియ్యానికి, గిరాకీ.

"మరాఠోళ్ల ఉపాసమంటె నాకు మస్తు ఇష్టమక్కా," అనేది చెల్లె. "సాబుదానా కిచిడీ, ఆలుగడ్డ, పల్లీలు, అరటిపండ్లు. ఉత్త దినాలల్ల కంటె ఆ దినమే కడుపునిండ తింటరు."

"అది ఉపాసమా? దేవుని పేరు మీద దావత్."

"నువ్వు గూడ జర దావత్ చేస్కో మరి. ఎండుకపోయి ఒరుగు లెక్క అయితున్నవ్."

"దేవుడేమన్న గుడ్డోడా? తిన్నోళ్లెవరో తిననోళ్లెవరో ఎర్కుండదా?"

అంత గట్టిదాన్ని. గింజ ముట్టను, పండు ముట్టను, మంచినీళ్లు కూడా ముట్టను. కానీ వాళ్ల ఉపవాసంలోంచి ఒక్కటి మాత్రం తెచ్చుకున్నాను. వాళ్లలో చాయ్‌కు తప్పు లేదు. అందుకని పొద్దంతా నల్ల చాయ్ తాగేదాన్ని. బీపీ గోలీ దాంతోనే మింగేదాన్ని. ఆ గోలీ ఒంట్లో నీళ్లు తోడేసే రకం. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా దొడ్డివైపు తిరుగుడే.

మిగతా రోజుల్లో నా తిండి కూడా అంతంతే. దానికి మెత్తగా పిసికి, ఒక్కో ముద్దా మింగేదాకా కూర్చుని పెట్టేసరికి నా జొన్నరొట్టె అట్టముక్క అయ్యేది. కారంపొడి అద్దుకునో, చాయ్‌లో ముంచుకునో కానిచ్చేదాన్ని. పప్పూ కూరా ఉంటే దానికి.

బోరింగు కొడుతుంటే నీళ్లందక పిడి ఒక్కసారి ఖాళీగా కిందికి జారిపోతుంది చూడండి. నా ఛాతీలో అట్లా మొదలైంది. ఒక దెబ్బ తప్పేది, తర్వాత రెండు ఒకదాని మీద ఒకటి వచ్చేవి. వయసనుకున్నాను. చాయ్ పెట్టుకుని తాగేదాన్ని.

శ్రావణంలో ఒక సోమవారం మధ్యాహ్నం. దానికి పప్పన్నం కలిపాను. ముద్ద ఎత్తాను. అది నోరు తెరిచింది. నా ఛాతీలో పిడి జారింది, జారి మళ్లీ అందలేదు. లోపల కొట్టుకోవడం కాదు, గిలగిలలాడటం. కళ్లముందు పసుపు కమ్మింది. ముద్ద పట్టుకున్న చేయి బరువెక్కి ఒళ్లో పడింది. గోడకు జారగిలబడ్డాను. అది నోరు తెరిచే ఉంచింది. నాకు వినబడుతోంది, మాట రావడం లేదు. దాని నోరు అట్లాగే తెరిచి ఉంది, నా వైపు చూస్తోంది. ఇదే ఆ రోజు, నేనే ముందు పోతున్నాను అనుకున్నాను. దేవుడు నా ఉపవాసాలన్నీ తీసుకుని ఉల్టా చేశాడనుకున్నాను. చివరికి అది అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపుకే చెల్లె పరుగెత్తుకొచ్చింది, ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు అంటించి కాగితం తీశారు. గీతలు చూసి డాక్టరు గుండె లయ తప్పిందన్నాడు. రక్తం పరీక్షలో పొటాషియం బాగా పడిపోయిందనీ, మెగ్నీషియం కూడా తక్కువుందనీ అన్నాడు. సెలైన్‌లో కలిపి చాలా నెమ్మదిగా ఎక్కించారు. నీళ్లు తోడే గోలీ మార్చారు. కదలొద్దన్నారు. నా ప్రాణం అక్కడ లేదు. మరునాడు పొద్దున చెల్లె వచ్చేదాకా తలుపు వైపే చూస్తూ పడుకున్నాను.

"తిన్నదా?" అన్నాను.

చెల్లె ముఖం తిప్పుకుంది. "పాలు పోసిన, అన్నం పిసికి పెట్టిన. బతిమాలిన, బెదిరిచ్చిన. మా అత్త గూడ పెట్టింది. పండ్లు గిట్ల బిగవట్టింది అక్కా. నీళ్లు గూడ చెంచాతోని పెదాల మీద రాసుడే అయింది."

లేచి కూర్చున్నాను. సూది పీకేసుకోబోతే నర్సు చేయి పట్టుకుంది. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. వార్డంతా నన్నే చూసింది. చివరికి చెల్లె, ఆమె మగడు కలిసి బిడ్డను ఆటోలో తెచ్చి నా మంచం పక్కన కూర్చోబెట్టారు. కుడిచేతికి సూది ఉంది. ఎడమచేత్తో పెట్టాను. ఎడమచేత్తో అన్నం పెట్టకూడదంటారు. పెట్టాను. గబగబా మింగింది.

అప్పుడే తిండి సంగతులు చెప్పే మేడం వచ్చింది. చిన్నపిల్ల. వాళ్ల అమ్మమ్మది తెలుగువాళ్లుండే ఉమ్రి అట, తెలుగు బాగానే మాట్లాడుతుంది, పిలుపు మాత్రం మరాఠీలో, పిన్నీ అన్నట్టు.

"మావశీ, మొన్న ఏం తిన్నవ్ చెప్పు," అంది.

"పొద్దుగాల పాలల్ల రొట్టె. పగటికి పప్పన్నం, పాలకూర. మాపటికి పెరుగన్నం, అరటిపండు."

"మంచిగనే ఉంది గద!" అని రాసుకోబోయి ఆగింది. బిడ్డను చూసింది, నన్ను చూసింది. "గది ఆమె తిన్నది. నువ్వేం తిన్నవ్?"

చెల్లె అందుకుంది. "చాయ్ తిన్నది మేడం. సోమారం చాయ్, మంగళారం రొట్టెతోని చాయ్."

మేడం నవ్వలేదు. పప్పు, ఆకుకూర, పెరుగు, అరటిపండు, గుప్పెడు పల్లీలు, నువ్వులు, ఇవన్నీ గుండెకు తాళం నేర్పే తిండి అని చెప్పింది. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోయొద్దంది. చాయ్ తగ్గించమంది, నీళ్లు తాగమంది, పొట్ట ఖాళీ పెట్టొద్దు, ఒక్కసారే నింపొద్దంది.

"సోమారం ఒక్కపొద్దుంటది మేడం. అది విడువ," అన్నాను.

"మరాఠోళ్ల తీర్గనన్న ఉండకపోయినవా మావశీ. ఆలుగడ్డ, పల్లీలు, అరటిపండ్లు. నీ రక్తంల ఏం తక్కువున్నదో గదే ఉంటది వాటిల్ల. నీళ్లు తోడే గోలీ ఏస్కొని ఉత్త చాయ్ మీద ఉంటె గుండె ఏం పట్టుకొని కొట్టుకోవాలె?"

చెల్లె నా వైపు ఒక చూపు చూసింది. ఇంకో రోజైతే తిట్టేదాన్నే.

ఇంటికొచ్చాక చెల్లె రోజూ కొబ్బరిబోండాలు మోసుకొచ్చేది, ఒకటి తాగితే రెండోది కొట్టేది. పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మాట చెబితే మేడం కోప్పడింది. బోండాంలోనూ ఆ పొటాషియమే, అది తక్కువైనా గుండె లయ తప్పుతుంది, ఎక్కువైనా తప్పుతుంది, రక్తం చూసి డాక్టరు చెప్పినంతే, దుకాణంలో దొరికే పొడులు కూడా నీ అంతట నువ్వు తాగొద్దు అంది. బతకడం ఇంత సన్నని దారం మీద ఉందని నాకెవరు చెప్పారు? ముప్పై ఏళ్లు దాని ముద్ద మెత్తగా ఉందా లేదా అని చూశాను కానీ నా పళ్లెం ఎన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చాక మొదటి సోమవారం వచ్చింది. తింటే మొక్కు తప్పినట్టు. ఇంక దేవుడి దగ్గర ఏ ముఖంతో అడగను? తినకపోతే మళ్లీ ఆ గోడ, ఆ తెరిచిన నోరు. రెండువైపులా అదే గొయ్యి. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే పెసరపప్పు, మెంతికూర ఉడకేశాను.

మధ్యాహ్నం చెల్లెను పిలిచాను. రెండు పళ్లాలు పెట్టాను. దాని పళ్లెం చెల్లె ముందు, నాది నా ముందు.

"ఇదేంది? నువ్వు పెట్టవా?" అంది చెల్లె.

"నువ్వు పెట్టు."

"నా చేతిల తింటదా అక్కా? మొన్న సూడలే?"

"తినకపోతె నేను పెడత. ముంగట నువ్వు పెట్టు. దినాం పెట్టు. నాకేమన్నయితె ఎవరు పెడతరు? దేవుడస్తడా?"

చెల్లె లేచింది. చేయి కడుక్కుని ముద్ద కలిపింది. బిడ్డ పెదాలు బిగించింది. నా వైపు తిరిగి "అమ్మ" అంది. నేను గోడవైపు తిరిగి కూర్చుని నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. వెనక "అమ్మ, అమ్మ" అంటూనే ఉంది. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. ఛాతీలో ఒక దెబ్బ తప్పింది. ఆగాను, మళ్లీ అందుకుంది, నమిలాను.

"తూ! నా మీద ఉమ్మింది అక్కా!" అని అరిచింది చెల్లె.

తిరిగి చూశాను. చెల్లె చీర మీద పప్పు, బిడ్డ గడ్డం మీద పప్పు. ఉమ్మాలంటే ముందు లోపలికి పోవాలి కదా.

"ఉమ్మనియ్," అన్నాను. "ఇంకోటి పెట్టు."